ఉద్దెర పుస్తకంలో మన ఇంటి పేర్లు



పోయిన సంక్రాంతికి ముందు మా ఊరి బెల్టు షాపు ఉద్దెర పుస్తకం నా చేతికొచ్చింది. దొంగతనం చేయలేదు. దుకాణం నడిపే మామకు కూడికలు సరిగ రావు. పత్తి పైసలు చేతికొచ్చే టైం కాబట్టి ఎవరి దగ్గర ఎంత రావాలో లెక్క తీయమని నన్నే పిలిచిండు. డిగ్రీ చదివినోన్ని ఊర్లో ఇట్లాంటి పనులకే వాడుకుంటరు, మీకూ తెలుసు.

రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు. పేజీకో మనిషి. ఆత్రం, కుంర, మడావి, సిడాం, పెందూర్... జనాభా లెక్కలోళ్ళు కూడా మన గురించి ఇంత పక్కాగా రాసుకోరు. ఎవరింట్లో చావు అయింది, ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరి ఎద్దు సచ్చింది, అన్నీ ఆ పుస్తకంలో తెలుస్తయి. ఆ రోజు గీతలు ఎక్కువుంటయి, అంతే. మా నాయిన పేజీ కూడా ఉంది. దసరా నుంచి అప్పటిదాక 71 క్వార్టర్లు. ఒక్కోటి 160 లెక్కన 11,360 రూపాయలు.

నేను కూడిక రెండుసార్లు చేసిన. తప్పు పోలేదు.

ఇది చదివి, "మళ్ళీ తాగొద్దని చెప్పడానికి వచ్చిండు" అనుకొని పక్కకు పోకండి. నేను తాగుతా. దండారికి తాగుతా, పెళ్ళికి తాగుతా, దోస్తులు కలిస్తే తాగుతా. నా జేబు చిన్నది కాబట్టి చిన్న జేబుతో ఎట్ల తాగాలో ఆలోచించే అవసరం నాకు బాగనే ఉంది. ఈ రోజు రాసేది దాని గురించే. మన తాతలు ఖర్చు లేకుండ తాగిండ్రు, మనం ఇల్లు గుల్ల చేసుకొని తాగుతున్నం. మధ్యలో ఏమైంది అనేదే నా ప్రశ్న.

ముందు మా నాయిన పేజీనే విప్పి చూద్దాం. మండలంలో లైసెన్సు దుకాణం మా ఊరికి 14 కిలోమీటర్లు. అక్కడ ఆ చీప్ క్వార్టర్ 125. బెల్టు షాపులో నగదుకైతే 150, ఉద్దెరకైతే 160. అంటే సీసాకు 35 ఎక్కువ. 71 సీసాల మీద 2,485 రూపాయలు. ఆ పైసలు మందుకు పోలేదు, దూరానికి, ఉద్దెరకు పోయినయి. "మరి మండలానికి పోయి తెచ్చుకోవచ్చు కదా" అంటరు చదువుకున్నోళ్ళు. పోను రాను ఆటో 60. ఒక్క క్వార్టర్ కోసం పోతే 185 అయితది. జీతమున్న సారు బండి మీద పోయి ఫుల్ బాటిల్ తెచ్చుకొని వారం తాగుతడు. చేతిల నగదు లేనోడికి ఆ దారి లేదు. వాడికి ఏ రోజుకారోజే, క్వార్టరే, ఉద్దెరే. పేదోడు ఉప్పైనా సబ్బైనా ఎక్కువ ధరకే కొంటడు, మందు కూడా అంతే. అయినా నాయినకు బెల్టు షాపే అగ్గువ అనిపిస్తది, ఎందుకంటే ఆ పూట జేబులోంచి పైసా తీయడు.

ఫుల్ బాటిల్ తెచ్చి ఇంట్ల పెడితే వారం ఆగుతదా అనేది వేరే ముచ్చట. మా ఇంట్ల అయితే ఆగదు.

ఇంకో లెక్క. రోజుకో క్వార్టర్, 150 నగదు లెక్కనే వేసుకుందాం. ఏడాదికి 54,750. ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో 2025-26కు రోజుకు 307. వంద రోజులూ నిండా పని దొరికితే 30,700 వస్తయి. ఎంతమందికి వంద రోజులు దొరుకుతున్నయో మీరే చెప్పాలి. దొరికినా సరే, ఒక మనిషి రోజూ తాగే క్వార్టర్ ఆ వంద రోజుల కూలి మొత్తం మింగి, ఇంకో 24,050 అడుగుతది. ఆ 24 వేలు ఎక్కడి నుంచి వస్తయి? ఎవరి చెవుల కమ్మలు, ఎవరి మేక, ఎవరి కాలేజీ ఫీజు? మా ఇంట్ల అయితే మా అమ్మ పత్తి ఏరిన కైకిలి. ఉద్దెర పుస్తకంలో పేర్లన్నీ మొగోళ్ళవే. తీర్చేటోళ్ళ పేర్లు రాసే అలవాటు ఉంటే సగం పేజీలు ఆడోళ్ళవి ఉండేవి.

ఇప్పుడు ఇప్ప ముచ్చటకొస్తా.

మార్చి, ఏప్రిల్‌ల తెల్లారకముందే ఇప్ప చెట్టు కింద పువ్వు రాలుతది. చెట్టు కింద ఆకులు ఊడ్చి, కాల్చి జాగ సాఫు చేసుకొని, గంపలు పట్టుకొని ఆడోళ్ళు, పిల్లలు ఏరుతరు. మనలో చాలామంది బడికి పోకముందు ఆ పని చేసినోళ్ళమే. ఎండబెట్టి గుమ్మిలో పోసుకుంటే ఏడాది ఉంటది. తినడానికి పువ్వు, గింజ నుంచి నూనె, పండుగకు సారా. కుండలో నానబెట్టి, కొన్ని రోజులు పులియనిచ్చి, పొయ్యి మీద పెట్టి ఆవిరిని చల్లార్చి దింపుకునేది. ఖర్చేముంది? కట్టెలు అడివిలో, నీళ్ళు వాగులో, పువ్వు మన చెట్టుది. ఆడోళ్ళ కష్టం మాత్రం ఉంది, దాన్ని ఎవరూ లెక్క కట్టలేదు.

అయితే అగ్గువ కావడానికి అసలు కారణం అది కాదు. మా తాత చెప్పేది: పువ్వు ఎంత ఉంటే సారా అంతే. గుమ్మి అడుగంటితే వచ్చే ఎండాకాలం దాక ఆగాలె. ఉన్నది కూడా ఇష్టమొచ్చినప్పుడు దింపేది కాదు. పేరు పెట్టే రోజు, పెళ్ళి, చావు, పెద్దల పండుగ, దండారి. మొదటి చుక్క నేల మీద, పెద్దలకు. తర్వాత ఒక్కడే మనిషి అందరికీ పోస్తడు, మోదుగాకు దొప్పలో, వయసు వరసలో. ఎవరూ తనకు తాను పోసుకునేది లేదు. ఆడోళ్ళకూ దొప్ప వచ్చేది. ఒకడు మీరిండంటే పోసేటోడికి తెలుస్తది, దొప్ప అక్కడ ఆగదు, పక్కోనికి పోతది. కాలం, కొలత, పోసే చెయ్యి — ఈ మూడింటి వల్ల అది అగ్గువ. ధర వల్ల కాదు.

ఉద్దెర పుస్తకం ఈ మూడింటినీ తీసేసింది. కాలం లేదు, పొద్దున ఆరింటికి కూడా తలుపు కొట్టొచ్చు. కొలత లేదు, గీత మాత్రం ఉంది. పోసే చెయ్యి లేదు, ఎవడి సీసా వాడిదే, ఎవడి మూల వాడిదే.

ఇదంతా దానంతటదే అయిందని అనుకోకండి. దింపుకునే హక్కు సర్కారుది, సర్కారు దాన్ని వేలం పాడి గుత్తేదారుకు ఇస్తది, మిగతా వాళ్ళు దింపితే నేరం. నిజాం కాలం ఆబ్కారీ నడిచింది ఇట్లనే. అటు బొంబాయి వైపు తెల్లోళ్ళు ఇంకో అడుగు ముందుకేసిండ్రు. 1892లో ఇప్పపువ్వు మీదనే ఒక చట్టం తెచ్చిండ్రు, థానా, కొలాబా జిల్లాల్లో పువ్వు ఏరడం, ఉంచుకోవడం మీద కట్టడి పెట్టడానికి. పువ్వును చూసి భయపడ్డ సర్కారు అది. కారణం ఆరోగ్యం కాదు, ఖజానా. ఇంటికాడ దింపుకుంటే గుత్తేదారు దుకాణం నడవదు కదా. ఆ చట్టం పోయింది, లెక్క పోలేదు. మన దగ్గర ఇప్పటికీ ఇంట్ల సారా దింపితే ఆబ్కారీ కేసే. నా చిన్నప్పుడు ఒకసారి దాడికి వచ్చినోళ్ళు మా వాడకట్టులో కుండలు పగలగొట్టి పోయిండ్రు. దండారికి నాలుగు రోజుల ముందు. ఆ ఏడు పెద్దలకు నేల మీద పోసింది సీసా మందు. మా నాయినమ్మ ఆ రోజు అన్నం తినలేదు, కారణం అప్పుడు నాకు అర్థం కాలేదు.

2015లో గుడుంబాను బందు పెట్టాలని రాష్ట్ర సర్కారు గట్టిగ పూనుకుంది. దాని జాగలో చీప్ లిక్కర్ తెస్తమని కూడా అన్నరు, చిన్న సీసాలు, తక్కువ ధర అని. మహిళా సంఘాలు, పార్టీలు రోడ్డెక్కితే ఆ ఏడు సెప్టెంబరులో వెనక్కి తీసుకున్నరు. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలె. గుడుంబా వేరు, ఇప్పసారా వేరు. నల్లబెల్లం, పటిక వేసి, పదును రావడానికి యూరియా కూడా వేసి కాచింది మన సంస్కృతి కాదు, అది బెల్లం సేటు సంస్కృతి. అది బందు కావాల్సిందే, చాలామందిని మింగింది. కానీ అధికారుల లెక్కలో రెండూ ఒక్కటే. రెండు కుండలూ ఒకే కట్టెతో పగిలినయి. పగిలిన జాగలోకి వచ్చింది బెల్టు షాపు.

బెల్టు షాపు అనే మాట చట్టంలో ఎక్కడా లేదు. లైసెన్సు ఎక్కడుంటే అక్కడే అమ్మాలె. అయినా ఏ ఊర్లో లేదు చెప్పండి. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు పల్లెల్లో ఇంకా ముదిరింది. అక్కడ గ్రామాభివృద్ధి కమిటీలు బెల్టు షాపు హక్కుకు వేలం పాట పెడతయి. పాడినోడు లక్షలు కట్టి, ఆ లక్షలు సీసా మీద వేసుకొని అమ్ముతడు. ఆ పైసలతో గుడి కడతరు, కమాన్ కడతరు. అంటే తాగేటోడు సర్కారుకు ఒక పన్ను, ఊరికి ఒక పన్ను కడుతున్నడు. నిజాం కాలం గుత్తా ఎటు పోయిందని వెతికేటోళ్ళు ఆ పాట జరిగే రోజు పోయి కూర్చుంటే కనబడుతది.

పైన ఇంకా పెద్ద పాట. రాష్ట్రంలో 2,620 దుకాణాలు. 2023లో వాటికి లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు, ఒక్కోదానికి తిరిగి రాని 2 లక్షల ఫీజు. ఒక్క సీసా అమ్మకుండానే సర్కారుకు 2,600 కోట్లు దాటింది. 2025లో ఫీజు 3 లక్షలు చేసిండ్రు. అయినా 95 వేల దాక వేసిండ్రు. లాటరీ తగలనోడికి ఫీజు పోతది, తగిలినోడు మన దగ్గర తీసుకుంటడు. ఈ దుకాణాల్లో ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ కూడా ఉంది, 131 దుకాణాలు. ఉద్యోగాల్లో మన బ్యాక్‌లాగ్ పోస్టులు నింపమని ఎన్నేండ్ల నుంచి అడుగుతున్నమో గుర్తు చేసుకోండి. సీసాలు అమ్మే రిజర్వేషన్ మాత్రం టైంకు వస్తది. మన పేరు మీద లైసెన్సు వచ్చిన కాడ పెట్టుబడి ఎవరిదో, గల్లాపెట్టె కాడ కూర్చునేది ఎవరో ఒకసారి చూసి రండి.

ఇంతకూ ఆ సీసాలో ఏముంది? చెరకు మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో తీసిన స్పిరిట్, దానికి రంగు, వాసన. 42.8 శాతం. 180 మిల్లీలీటర్లలో 77 మిల్లీలీటర్లు ఒట్టి ఆల్కహాలే. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతమనుకున్నా 52 మిల్లీలీటర్లు. బీరు కంటే క్వార్టర్ ధర తక్కువ, కిక్కు ఎక్కువ. బడ్జెట్ చూసుకునే పిల్లగాడు ఏది తీసుకుంటడో చెప్పనక్కర లేదు. నేను కరీంనగర్‌ల డిగ్రీ చదివేటప్పుడు అదే తీసుకున్న.

ఆ రోజుల ముచ్చట కొంచెం చెప్పాలె. నలుగురం ఒక రూం. ఇంటి నుంచి నాకు నెలకు రెండున్నర వేలు వచ్చేది. కిరాయి, బియ్యం, బస్సు అన్నీ దాంట్లోనే. నెలకోసారి సిట్టింగ్. మా రూంలో హుజూరాబాద్ దోస్తు ఒకడు, గౌడుల పిల్లగాడు, వాళ్ళ నాయిన తాళ్ళెక్కుతడు. వాడు ఒక రూల్ పెట్టిండు. తలా వంద పొద్దున్నే ఒకని చేతిలో పెట్టాలె. రాత్రి ఎవరూ జేబు ముట్టొద్దు. తిండి ముందు, అది కూడా మేమే ఉడకబెట్టుకున్న గుడాలు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ. పోసేది వాడొక్కడే. "రెండోసారి దుకాణానికి పోయే పైసలే అసలు ఖర్చురా" అనేటోడు. మేం నవ్వేది. తర్వాత ఎప్పుడో తట్టింది, మా తాత చెప్పిన కాలం, కొలత, పోసే చెయ్యి, వీడు కరీంనగర్ కిరాయి రూంలో మళ్ళీ పెట్టిండు. వాడికి ఇప్ప గురించి ఏమీ తెల్వదు.

కల్లు గురించి కూడా వాడే చెప్పిండు. క్వార్టర్ కొనలేని రోజు చాలామంది పట్నం కల్లు కాంపౌండుకు పోతరు, సీసా అగ్గువ కాబట్టి. వాడు మాత్రం అడుగు పెట్టేటోడు కాదు. "తాడు పెరగలే, ఈత పెరగలే, కల్లు ఎట్ల పెరిగిందిరా?" అని అడిగిండు ఒకరోజు. చెట్టు ఇచ్చేది చెట్టు ఇస్తది, మిగతాది పొడి కలిపిన నీళ్ళు. క్లోరల్ హైడ్రేట్, డైజపాం, అల్ప్రాజోలం. 2015లో దాడులు పెరిగి ఆ పొడి దొరకకపోతే నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు మనుషులు వింతగా ప్రవర్తించి, ఫిట్స్ వచ్చి దవాఖానల్లో పడ్డరు. అక్కడ అలవాటయింది కల్లు కాదు, మత్తు గోళీ. మీ ఇంట్ల ఎవరైనా ఏండ్ల తరబడి రోజూ తాగుతుంటే, అది కల్లైనా క్వార్టరైనా, పట్టుదలకు పోయి ఒక్కరోజులో బందు పెట్టించకండి. చేతులు వణుకుడు, పీడకలలు, ఫిట్స్ ప్రాణం మీదికి తెస్తయి. దవాఖానకు తీసుకపోయి డాక్టర్ చేతిలో పెట్టి మాన్పించండి. 14416 కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడుతరు, పైసలు పడవు.

ఇప్పుడు మనలో మనం తేల్చుకోవాల్సిన ముచ్చట.

మన ఉద్యమంలో రెండు రకాల మాటలు వింటున్న. ఒకటి, మొత్తం బందు పెట్టాలె అనేది. దాని మీద నాకు గౌరవం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్ళు సారా మీద లేస్తే ఉమ్మడి రాష్ట్రమంతా కదిలింది. 1993 అక్టోబరులో సారా బందయింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో ఎత్తేసిండ్రు. మన పక్కనే చంద్రపూర్ జిల్లాలో 2015 నుంచి 2021 దాక బందు. అప్పుడు మన వైపు సీసాలు నది దాటి అటు పోయినయి. మామూలు రోజుల్లో అటు నుంచి దేశీదారు పెన్‌గంగ దాటి మన జైనథ్, బేల వైపు వస్తది. పై నుంచి పెట్టిన బందు నది ఒడ్డున ఆగిపోతది, అంతే.

రెండో మాట మనసుకు బాగుంటది, అందుకే ఎక్కువ చెడగొడుతున్నది. "తాగుడు మన సంస్కృతి." మొన్న ఒక తమ్ముడు చేతిలో క్వార్టర్ పట్టుకొని నాతోనే అన్నడు. తమ్మీ, నీ చేతిల ఉన్నది ఏ పెన్‌కు ఎక్కించినవు? ఎవరు పోసిండ్రు నీకు? ఆ సీసా మీద ఉన్న పేరు ఏ గోత్రానిది? మన సంస్కృతిలో ఉన్నది దొప్ప. సీసాను దొప్ప అనుకుంటే దుకాణదారు నవ్వుకుంటడు. నీకు ఇంకా 21 నిండలేదు కాబట్టి నీకు అమ్మడమే చట్ట ప్రకారం తప్పు, అది కూడా గుర్తు పెట్టుకో.

ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి స్తూపం కాడికి పోతం. 1981లో కాల్పుల్లో పోయినోళ్ళకు జోహార్లు చెప్తం. జల్, జంగల్, జమీన్ అని గొంతు చించుకుంటం. తిరుగు దారిలో జీపు ఎక్కడ ఆగుతదో నేను రాయాల్నా? నేను కూడా ఆ జీపులో ఉన్నోన్నే. ఇప్పపువ్వు కూడా జంగలే కదా అని అప్పుడు తట్టలేదు.

లెక్క చూడండి. ఎండిన ఇప్పపువ్వుకు సర్కారు పెట్టిన మద్దతు ధర కిలోకు 30. అంగడిలో సేటు ఎంతిస్తడో అది వేరే. 30 లెక్కనే వేసినా, ఐదు కిలోల ఎండు పువ్వు అమ్మితే ఒక బెల్టు షాపు క్వార్టర్. ఐదు కిలోలు ఎండాలంటే మా అమ్మ ఎన్ని పొద్దులు నడుం వంచాలె. ఏప్రిల్‌ల పువ్వు అమ్ముకుంటం, జూన్‌ల సీసా ఉద్దెర తెచ్చుకుంటం. ఉట్నూరులో మన ఆడోళ్ళు అదే పువ్వుతో లడ్డూలు చేస్తున్నరు, ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలు తింటున్నరు. రక్తం తక్కువున్న పిల్లలకు పువ్వు బలం. ఆ పువ్వు మీద మనకు ఇంకో దారి ఉందని వాళ్ళు చూపించిండ్రు.

చట్టం సంగతి. పెసా చట్టం, 1996. నాలుగో సెక్షన్, ఎం క్లాజు. అందులో మొదటిది: మత్తు పదార్థాల అమ్మకం, వాడకం మీద నిషేధం పెట్టేందుకు గాని, నియంత్రించేందుకు గాని గ్రామసభకు, పంచాయతీకి అధికారం. దాని కిందనే రెండోది: చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం. రాసినోళ్ళు అనుకొని పెట్టిండ్రో లేదో గాని, మందు, ఇప్పపువ్వు ఒకదాని కింద ఒకటి ఉన్నయి. 1970లలో కేంద్రం కూడా రాష్ట్రాలకు చెప్పింది, ఆదివాసీ ప్రాంతాల్లో వ్యాపారపు మందు దుకాణాలు తీసేయండి, ఇంటి అవసరానికి వాళ్ళ సంప్రదాయ పానీయం వాళ్ళను చేసుకోనియ్యండి అని. పక్కన ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌లలో ఆదివాసీ ఇంటికి ఒక పరిమితి దాక ఆ వెసులుబాటు ఉంది. మన దగ్గర తిరగబడ్డది: వ్యాపారం నడుస్తది, కుండ పగులుతది.

అందుకని నేను అడిగేది పెద్దది కాదు. ఏజెన్సీలో బెల్టు షాపు ఉండాల్నా వద్దా గ్రామసభ చెప్పాలె, చెప్పింది అమలు కావాలె. పండుగకు ఇంట్ల ఇప్పసారా ఎంత దింపుకోవచ్చో కొలత కూడా గ్రామసభే పెట్టాలె, దానికి కేసు ఉండొద్దు. అమ్మితే మాత్రం ఊరే జరిమానా వెయ్యాలె. అమ్మకం మొదలైన రోజు ఇప్పసారా కూడా ఇంకో క్వార్టరే అయితది, మనవాళ్ళే ఇంకో బెల్టు షాపు అయితరు. పట్ల, దేవారి, మహిళా సంఘం, యువకులు అందరూ కూర్చొని రాయి సెంటర్‌లో మాట్లాడుకుంటే తెగని పంచాయితీ కాదు ఇది. కొన్ని ఊళ్ళు పెళ్ళిళ్ళలో డీజే, మందు వద్దని ఇట్లనే కూర్చొని తీర్మానం చేసుకున్నయి.

అది అయ్యేదాక జేబు సంగతి. నాకు పనికొచ్చినవి చెప్తా, మీకు వేరేవి తెలిస్తే అవి చేయండి. ఉద్దెర మీద తాగను, చేతిల నగదు లేని రోజు దాహం కూడా లేదు అనుకుంటా. ఒంటిగ తాగను. తిన్న తర్వాతనే. ఆ నెలకు పెట్టుకున్న పైసలు అయిపోతే ఆ నెల అయిపోయింది. కూలి పడ్డ రోజు దుకాణం వైపు పోను, ముందు ఇంటికి పోతా. ఇవన్నీ ఎప్పుడూ పాటిస్తున్ననా? లేదు. మొన్న క్రికెట్ టోర్నమెంట్ గెలిచిన రోజు అన్నీ తప్పిన.

నాయిన సంగతి అడుగుతరు. పత్తి అమ్మినంక ఆ 11,360 లో 8,000 కట్టినం. మామ కూడా మనోడే, ఆయనకూ పైన లైసెన్సోనికి కట్టే బాకీ ఉంది, ఆయన మీద నాకు కోపం రావట్లేదు. మిగిలిన 3,360 కి నేను ఒక షరతు పెట్టిన: నాయిన పేజీ మీద కొత్త గీత పడితే పాత బాకీ కట్టం. మామ ఒప్పుకున్నడు. నాయిన వారం రోజులు నాతో మాట్లాడలేదు. పూర్తిగ మానలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలె. నగదు ఉన్న రోజు తాగుతున్నడు. లెక్క పెడితే ముందుకంటే సగం కంటే తక్కువే.

ఈసారి ఎండాకాలం మా అమ్మ ఏరిన పువ్వంతా సేటుకు పోయలేదు. అడ్డెడు గుమ్మిలో దాచి మీద గోనె కప్పింది. ఎందుకమ్మా అని అడిగితే "దండారికి" అన్నది. కొంచెం ఆగి, "పోసేది మాత్రం నేనే" అన్నది.